అమ్మ చెవికి మిషను

నగరిలో మా వీధిలో ఎవరూ నెమ్మదిగా మాట్లాడరు. పవర్‌లూమ్ మగ్గాల మధ్య బతికేవాళ్ళం, వీధిలో కూడా అరవకపోతే పని జరగదు. మా అమ్మకైతే ఏళ్ళ తరబడి ఆ మోతలో పనిచేసి చెవులు బాగా మందగించాయి. మగ్గాల షెడ్డులో మాత్రం ఆమెకు ఏ లోటూ లేదు. అక్కడ అరిచినా ఎవరికీ వినబడదు, ఇంక గొంతుతో పనేముంది? ఆడవాళ్ళు ఈ చివర నుంచి ఆ చివరికి పెదవులు కదిపే ఊరి కబుర్లన్నీ చెప్పుకుంటారు.

చిక్కంతా ఫోనుతోనే. తిరుచానూరులో పూలమ్ముకునే మా చిన్నమ్మకు ఉన్నది బటన్ ఫోను, అందులో పెదవులు కనిపించవు కదా. అక్కాచెల్లెళ్ళ మాటలన్నీ కూతురినైన నా నోటి మీదుగానే నడిచేవి. చిన్నమ్మ ఏడిస్తే, ఏడుస్తోందని నేను అమ్మకు చెప్పాలి. అంతకన్నా దిక్కుమాలిన ఉద్యోగం ఇంకోటి లేదు. చెల్లెలితో ఒక్కసారైనా తనే మాట్లాడాలని అమ్మ ఆశ.

డబ్బున్నవాళ్ళు చెవి మిషన్లు మద్రాసులో కొనుక్కుంటారు. మా బోటివాళ్ళకు చిత్తూరులో ఎవరో దాతలు ఉచితంగా పెడుతున్నారని విని అమ్మను బయల్దేరదీశాను.

"ఊరికే ఇచ్చేది ఏం పని చేస్తాది? ఇది పనికి రాకపోతే మళ్ళా నన్ను యాడికీ పిలవొద్దు" అని బస్సులోనే తేల్చేసింది.

అక్కడ హాలులో ఒక అమ్మాయి మిషను అమ్మ చెవిలో పెట్టి, తన సెల్‌ఫోనులో చూసుకుంటూ శబ్దం సరిచేయసాగింది. "వినబడతా ఉండాదా అమ్మా?" అని అడిగింది. జవాబు లేదు. ఇంకాస్త పెంచి మళ్ళీ అడిగింది. ఉహూఁ. ముందుకు వంగి చూద్దును కదా, అమ్మ పెదవులు చకచకా ఆడుతున్నాయి. వినబడతా ఉండాది, చాలు, చాలు! షెడ్డు అలవాటు, గొంతు లేదు. ఆ పిల్లేమో ఫోనులోంచి తల ఎత్తదు. నేను చెప్పేలోగా అమ్మే గొంతెత్తింది.

"చాలు పాపా, దించు! చెవి పగిలిపోతాది!"

హాలంతా ఘొల్లుమంది. తన గొంతు విని అమ్మే అదిరిపడింది. "అబ్బా, ఇంత గట్టిగానా నేను అరిసేది?"

ఆ అమ్మాయి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, అప్పుడు నింపాదిగా అమ్మ ఎదురుగా కూర్చుంది. ఒక్కో మాటా పలికించి, అమ్మ చెవికి సరిపోయేదాకా మార్చి మార్చి చూసింది. మిషను ఇవ్వడం ఒక ఎత్తు, అట్లా కూర్చోవడం ఒక ఎత్తు. నాకు ఆ పిల్లను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఇంటికి రాగానే చిన్నమ్మకు ఫోను కలిపి అమ్మ చేతికిచ్చాను. "అక్కా" అన్న పిలుపు వినగానే అమ్మ ముఖం విప్పారింది. నేను ఎప్పటిలాగే పక్కన సర్దుకుని కూర్చున్నాను. అమ్మ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగింది.

"నువ్వు రవంతసేపు బయటికి పోమ్మే. మేము మాట్లాడుకోవాల."