మా గోడ మీద వాళ్లింటి గంట

పోయిన మంగళవారం పొద్దున మా పక్కింటి కండక్టర్ మామ పోయాడు. గద్వాల బస్టాండు దగ్గర పేపరు కొనుక్కుని బెంచీ మీద కూర్చున్నవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడట. దవాఖానకు ఎత్తుకుపోయేసరికే ప్రాణం లేదు. కబురు తెచ్చిన ఆటో అతను వాళ్ల గేటు ముందు నిలబడి గొంతు చించుకుని పిలిచాడు. లోపల అత్త అటు తిరిగి బట్టలు ఆరేస్తూనే ఉంది. ఆమెకు పుట్టినప్పటి నుంచీ వినపడదు, మాటా రాదు. చివరికి అతను మా గుమ్మంలోకి వచ్చి, కుట్టుమిషను ముందున్న నాకు చెప్పాడు. ఆ ఇంటి కబురు ముందుగా నా చెవినే పడింది.

వెళ్లి అత్త భుజం మీద చెయ్యి వేశాను. అన్నం, నీళ్లు, సంత, జ్వరం ఇవన్నీ ఆమెతో సైగల్లో మాట్లాడగలను. ఆ రోజు నా చేతులు ఆడలేదు. నా మొహం చూసి ఆమే అర్థం చేసుకుంది. చేతిలో ఉన్న మామ చొక్కాను మళ్లీ బకెట్లో పెట్టేసింది.

మామా అత్తా అని పిలుస్తాను గానీ వాళ్లు మాకు చుట్టాలు కారు. మేం పక్కింట్లో అద్దెకు దిగిన రోజే ఆయన "ఏం కోడలా, ఏ ఊరు మీది?" అని అడిగాడు, నేను మామా అన్నాను, అంతే. వాళ్లకు పిల్లలు లేరు. బస్సు కండక్టరుగా ఏళ్ల తరబడి "జరగండి, ముందుకు జరగండి" అని అరిచిన మనిషి, ఇంటికొస్తే నోరు మూసుకుని చేతులతో మాట్లాడేవాడు. "నా పెండ్లాంతోని ఇప్పటిదాంక ఒక్క మాట పడలే. గింత అదృష్టం గద్వాలల ఇంకెవనికన్న ఉందా కోడలా?" అని నవ్వించేవాడు. అత్త ఆయన పెదాలు చూసి, తన మీదే ఏదో అన్నాడని పసిగట్టి, చీపురు చూపించేది.

ఆ నవ్వు ఒక ఎండాకాలం మధ్యాహ్నంతో పోయింది. ఆయన పొలం పని మీద మానవపాడుకు వెళ్లాడు. నేను సంతకు వెళ్లాను. వాళ్ల వెనక గదిలో దేవుడి గూటి నుంచి దీపం జారి పరుపు అంటుకుంది. కిటికీలోంచి పొగ వస్తుంటే వీధిలో వాళ్లంతా కేకలు పెట్టారు. అత్త ముందరి అరుగు మీద కూర్చుని, చాటలో బియ్యం పోసుకుని తల వంచుకుని రాళ్లు ఏరుతోంది. దోసకాయలమ్మే ఆమె గంప దించి పరుగున పోయి రెక్క పట్టుకుని లాగిందాకా అత్తకు తెలియలేదు. పరుపు ఒక్కటే కాలింది. కానీ మామ మర్నాడు మా గుమ్మంలో కూలబడ్డాడు.

"మంటకు గాదు కోడలా నా పరేషాను. ఊరంత ఒర్లుతుంటె ఆమె రాళ్లు ఏరుకుంట కూసున్నదట. గా సంగతి తల్సుకుంటె బుక్క దిగుతలేదు."

తర్వాత ఆయన హైదరాబాదుకు తిరగడం మొదలుపెట్టాడు. పొగ తగిలితే కూత పెట్టే యంత్రం ఉంటుందని ఎవరో చెప్పారు. స్మోక్ అలారం అంటారట, మా వీధిలో మాత్రం దానికి పొగగంట అని పేరు పడిపోయింది. మామ వంకాయలు కొన్నా ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసి, కూరగాయలామె ఓపిక చచ్చాక కొనే రకం. ఇక పొగగంటకు ఎంత తిరిగి ఉంటాడో! ఒట్టి బ్యాటరీతో నడిచేది చవకైనా వద్దన్నాడు. "మా ఇంట్ల గోడగడియారం ఆగితె పండగొచ్చేదాంక ఎవరు సూడరు. గిది ఆగితె ఎట్ల తెలుస్తది?" అన్నాడు. కరెంటుతో నడవాలి, మన కోతలు తెలిసినవే కాబట్టి కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి లోపల బ్యాటరీ కూడా ఉండాలి. నడిమి గదిలో, వెనక గదిలో, వంటింట్లో మూడు గంటలు ఉండాలి, ఒకటి మోగితే మిగతావి కూడా కలిసి మోగాలి. ఇదీ ఆయన పట్టు.

బిగించే రోజు కరెంటు పని చేసే అతనితో పెద్ద పేచీ. అతను గంటకు విడిగా స్విచ్చి పెడతానన్నాడు. మామ ఒప్పుకోలేదు. "స్విచ్చి ఉంటె ఎవరో ఒకరు ఆపుతరు. ముందర గది ట్యూబులైటు లైన్లనే కలుపు. లైటు పోతె అందరు ఒర్లుతరు, గంట పోతె ఎవరికి తెల్వదు." మూలన వద్దు, ఫ్యాను దగ్గర వద్దు, నడిమి గది కప్పుకు మధ్యలో ఉండాలని కర్రతో చూపించాడు. అత్త కోసం వెలిగి ఆరే ఎర్ర దీపం కూడా పెట్టించాడు. కానీ ఎండలో అది కంటికి ఆనదు, నిద్రపోతే అసలే కనపడదు. అందుకని నాలుగో గంట పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"నువ్వు పొద్దంత ఇంట్లనే మిషను కుడ్తవు గద. ఒకటి నీ గోడకు పెట్టనియ్యి బిడ్డా. కరెంటు మా ఇంటిదే, నీ మీటరు తిరగదు."

కాదనలేకపోయాను. ప్రహరీ గోడ వెంబడి గొట్టంలో తీగ లాగి, మా గోడ మీద వాళ్లింటి గంట పెట్టారు.

వంటింట్లో కూడా పొగ పసిగట్టేదే పెట్టించడం ఆయన చేసిన పొరపాటు. అత్త నూనెలో ఎండు మిరపకాయలు వేస్తే చాలు, మా గోడ మీద కూత. చేతిలో కత్తెరతోనే పరుగెత్తేదాన్ని. అత్త గరిటె పట్టుకుని నన్ను చూసి, నాకేదో అయిందనుకుని కంగారుపడేది. కొన్నాళ్లకు నేను లేవడం మానేశాను. గంట మోగితే, ఈ పూట పప్పు అన్నమాట అనుకునేదాన్ని. అది గమనించి మామ వచ్చాడు.

"మిరపకాయలకు మోగుతున్నదని గాదు, నీకు అలవాటైందని భయమైతుంది కోడలా."

ఆ వారమే మళ్లీ హైదరాబాదు వెళ్లి, వంటింటికి పొగ కాకుండా వేడి పసిగట్టేది తెచ్చి మార్పించాడు. తర్వాత అది ఊరికే కూయలేదు.

కానీ నాకు ఒక ముల్లు మిగిలింది. నేను సంచీ పట్టుకుని గడప దాటితే చాలు, మామ గేటు దగ్గర నిలబడి "జల్దీ వస్తవు గద?" అనేవాడు. తాను ఇంట్లో ఉన్న రోజు కూడా అదే అడిగేవాడు. ఒకరోజు పుట్టింటికి బయల్దేరుతుంటే ఒళ్లు మండింది. "నువ్వు ఇంట్లనే ఉన్నవు గద మామా! నేనేమన్న కావలి మనిషినా?" అనేశాను. ఆయన గేటు గొళ్లెం వేస్తూ, తీస్తూ నిలబడ్డాడు.

ఎందుకలా అడిగేవాడో నాకు ఒక వానాకాలం సాయంత్రం తెలిసింది. గంట మోగింది. పరుగెత్తాను. వాళ్ల నడిమి గదిలో దోమల బత్తి నుంచి పాత పేపర్ల కట్ట అంటుకుని పొగ కమ్ముకుంటోంది. అత్త పెరట్లో గిన్నెలు తోముతోంది. ముందరి గదిలో, ఆ పొగకు వీపు పెట్టి, మామ కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. గంట చెవులు పగిలేలా కూస్తోంది. నేను పక్కనుంచి బిందెతో దూసుకుపోతే అప్పుడు తల ఎత్తాడు.

"ఏమైంది కోడలా? గట్ల ఉరుకుతున్నవు?"

"గంట మొత్తుకుంటుంటె పేపరు చదువుతున్నవా!"

ఆయన నా నోటి వంక చూశాడు, అచ్చం అత్త చూసినట్టే. "మోగుతుందా?" అన్నాడు.

మంట ఆర్పాక చెప్పాడు. మాటలు వినపడతాయట, ఈ సన్నటి కూత వినపడదట. ఇంజను పక్కన ఏళ్ల తరబడి నిలబడ్డ చెవులు. "హైదరాబాదు దుకాణపాయన మోగించి సూపిచ్చిండు. అందరు చెవులు మూస్కున్నరు. నేను ఎప్పుడు మోగుతదా అని సూస్తున్న. గప్పుడే తెల్సింది, గిది మా ఇంట్ల మోగి లాభం లేదని."

"అత్తకు చెప్పినవా?"

"చెప్పలే. ఆమె నా చెవుల మీది భరోసతోనే నిద్రపోతది బిడ్డా. నువ్వు గూడ చెప్పకు."

నేను చెప్పలేదు. కావలి మనిషినా అని మళ్లీ ఎన్నడూ అనలేదు. ఆ తర్వాత ఎక్కడికి పోయినా ఆయన అడగకముందే నేనే చెప్పి పోయేదాన్ని.

ఈ నెల మా ఆయనకు నాగర్‌కర్నూలుకు బదిలీ అయింది. బడులు తెరిచేలోపు ఇల్లు మారాలి. మామకు చెప్పడానికి నాలుగు రోజులు నాన్చి, చివరికి గేటు దగ్గర చెప్పాను. "మంచిదే, మంచిదే" అన్నాడు. గేటు గొళ్లెం వేసి, "మీ ఎనక దిగెటోళ్లు ఇంటిపట్టున ఉండెటోళ్లేనా? ఓనరును జర అడుగు కోడలా" అన్నాడు. అడిగాను. ఇంకా ఎవరూ కుదరలేదట. ఆ మాట చెప్పేలోపే ఆయన పోయాడు. ఆయనకు చెప్పాల్సిన జవాబు ఒకటి నా దగ్గర ఉండిపోయింది, అది కూడా మంచి జవాబు కాదు.

అత్త తమ్ముడు వచ్చి తనతో రమ్మన్నాడు. ఆమె గడప పట్టుకుని కూర్చుంది, రానంది.

నిన్న పొద్దున గంట మోగింది. మిషను వదిలేసి వాకిట్లోకి ఉరికాను. పొగ లేదు. వాళ్ల నడిమి గది కిటికీ తెరిచి ఉంది. అత్త పీట ఎక్కి, చీపురు కర్రతో కప్పుకున్న గంట మీట నొక్కి పట్టుకుని ఉంది. నెలకోసారి గంట పనిచేస్తుందో లేదో మామ అలాగే చూసేవాడు. నొక్కుతూ కిటికీలోంచి నా మొహం చూసేవాడు. ఎందుకలా చూస్తాడో అత్తకు ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆయనకూ ఈ కూత వినపడదని ఆమె చూస్తూ చూస్తూ తనంతట తానే తెలుసుకున్నట్టుంది.

కర్ర పైకెత్తి పట్టుకుని, మెడ ఇటు తిప్పి నన్నే చూస్తోంది. మోగుతుందా అని కళ్లతో అడుగుతోంది. మేం వెళ్లిపోతున్నామని సైగతో చెప్పడం నాకు వచ్చు, చెయ్యి బయటికి ఊపితే చాలు. ఆమె కర్ర దించలేదు. నేను తల ఊపేదాకా నొక్కుతూనే ఉంది.