సీతాబాయి తిరగేసిన జాకెట్టు

పొద్దున్నే కుట్టు మడిగె షట్టర్ ఎత్తగానే సీతాబాయి ముందు రోజు కుట్టిన జాకెట్లలో ఒకదాన్ని తిరగేస్తుంది. లోపలి కుట్లు కనబడేలా బల్ల మీద పరిచి, ముడతలు చేత్తో సర్ది, ఫోన్‌తో ఫొటో తీస్తుంది. దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాకే మిషన్ ముందు కూర్చుంటుంది.

ఆమె మడిగె మణికొండలో, అపార్ట్‌మెంట్ల వెనక సందులో ఉంది. పెద్ద రోడ్డు మీద బొటీక్‌లు వచ్చాక ఆ సందులోకి తిరిగేవాళ్లు తగ్గిపోయారు. గచ్చిబౌలిలో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో పనిచేసే కూతురు భవాని ఒక ఆదివారం తల్లి ఫోన్ లాక్కుంది.

"ఇగ ఎవ్వరూ సందులకొచ్చి చూడరమ్మా. నువ్వే వాళ్ల ఫోన్లకు పోవాలె."

"నా మొఖం ఎవరు చూస్తరే?"

"నీ మొఖం ఎవరడిగిండ్రు? నీ బ్లౌజులు చూస్తరు."

కస్టమర్ల నంబర్లన్నీ ఫోన్‌లోకి ఎక్కించి, స్టేటస్ పెట్టడం నేర్పింది. రోజుకో జాకెట్టు ఫొటో వెళ్లసాగింది. పాతవాళ్లు మళ్లీ రావడం మొదలైంది.

సీతాబాయికి మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. పెళ్లి జాకెట్టును, మిగతావాటిలా మడిగె బయటి కడ్డీకి తగిలించదు. సంచిలో చుట్టి అల్మారాలో దాస్తుంది. తొడుక్కునే మనిషి తొడుక్కునేదాకా ఆ పనితనం ఇంకొకరి కంట పడకూడదని, కుట్టు నేర్పిన కనకమ్మ ఆమెకు గట్టిగా చెప్పింది.

అందుకే ఎదుటి అపార్ట్‌మెంట్‌లో ఉండే రాజరాజేశ్వరి, కొడుకు పెళ్లికి తను తొడుక్కునే జాకెట్టును ఆమెకే కుట్టడానికిచ్చింది. కాకినాడ నుంచి వచ్చిన ఆవిడ మాట మీదే ఆ అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు సగం మంది సీతాబాయి దగ్గరికి వస్తారు. వీపు మీదికి తామర తీగలను తనే గీసిచ్చింది.

"మా తోటికోడలు కంట పడిందంటే అయిపోయిందే, సీతా!" అని నవ్వుతూనే హెచ్చరించింది.

జాకెట్టు పూర్తయ్యాక సీతాబాయి కడ్డీ వైపు చూడనైనా లేదు. కానీ రోజూలాగే ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టింది. ఆ తర్వాతే ఎప్పటిలా సంచిలో చుట్టి దాచింది. మడిగె బయట ఏమీ లేదు కదా అనుకుంది.

సాయంత్రం ఫోన్ మోగింది. ఒకసారి రాజరాజేశ్వరితో కలిసి వచ్చి, నంబర్ ఇచ్చిపుచ్చుకున్న తోటికోడలే.

"తామర తీగల జాకెట్టు భలే ఉందండీ! నాకూ అలాంటిదే కుట్టండి, మా బావగారబ్బాయి పెళ్లికి."

సీతాబాయి కత్తెర బల్ల మీద పెట్టేసింది. "అది కుట్టనమ్మా."

"పోనీలెండి, ఫొటో ఉందిగా. ఇంకెక్కడైనా కుట్టించుకుంటాను."

సీతాబాయి స్టేటస్ తీసేసి, జాకెట్టు సంచి పట్టుకుని తనే రాజరాజేశ్వరి ఇంటికి వెళ్లింది. జరిగింది చెప్పింది.

"కడ్డీకి తగిలించొద్దంటే ఫోనుకి తగిలించావా?" అంది రాజరాజేశ్వరి. "నిన్నెంత నమ్మానే!"

"తప్పైందమ్మా. వీపు మొత్తం విప్పుత. తీగలను చేతులకు మారుస్త. పెళ్లి లోపలనే ఇస్త. అది గూడ నచ్చకపోతే ఇగ నా మడిగెకు రాకుండ్రి."

ఎక్కడెక్కడ విప్పాలో చూపించడానికి జాకెట్టును తిరగేసింది. రాజరాజేశ్వరి అయిష్టంగానే వేలితో తడిమింది. జరీ ముళ్లు ఒంటికి గుచ్చుకోకుండా లోపల మెత్తటి గుడ్డ వేసి ఉంది. తర్వాత వదులు చేసుకోవడానికి పక్కల్లో గుడ్డ మడిచి ఉంది. ఒక్క దారప్పోగు వేలాడటం లేదు.

"ఫొటోలు పెట్టే సరదా ఉంటే ఇటువైపు తీసుకోకూడదూ? దీన్నెవరు కాపీ కొడతారు?" అంది కోపం తగ్గకుండానే.

పెళ్లిలో తోటికోడలి వీపు మీద తామర తీగలు, రాజరాజేశ్వరి చేతుల మీద తామర తీగలు. ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ సందులోకి రాలేదు. ఆవిడతో పాటు వచ్చేవాళ్లూ రాలేదు.

ఏ కస్టమర్ జాకెట్టునూ పైవైపు చూపించకూడదని సీతాబాయి నిశ్చయించుకుంది. స్టేటస్ మాత్రం మానలేదు. తిరగేసిన మొదటి ఫొటోకు ఒకమ్మాయి నవ్వే బొమ్మలతో రాసింది: "ఆంటీ, ఉల్టా పెట్టిండ్రు!" తెల్లారి ఆ అమ్మాయే ఫోన్ చేసింది. వేరేచోట కుట్టించుకున్న జాకెట్టు ఆఫీసులో రోజంతా గుచ్చుతోందట. "లోపల మీరేసినట్ల మెత్తటి గుడ్డ వేస్తరా?"

వేసింది. ఆ అమ్మాయి తన ఆఫీసులో వాళ్లకు చెప్పింది.

ఇప్పుడు మడిగెలో రెండో మిషన్ మీద, కొత్తగా పనికి పెట్టుకున్న ఎల్లమ్మ కుడుతోంది. రాజరాజేశ్వరి మళ్లీ జాకెట్లు ఇక్కడే కుట్టిస్తోంది. గుడ్డ చేతికిచ్చే ముందు మాత్రం ఆవిడ, సీతాబాయి ఫోన్ ఎక్కడుందో ఒకసారి చూసుకుంటుంది.