కొల్లేట్లో హంసల్లేవన్న టీచరుగారు

కిందటి నెలలో ఒక శనివారం పొద్దున్న స్టాఫ్ రూములో హాజరు పట్టీ తీస్తుంటే ఫోను మోగింది. గుండుగొలను నుంచి మా తెలుగు టీచరుగారి అక్కయ్య. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు. తనకి వినపడదు కాబట్టి ఎదుటివాళ్లకీ వినపడదనుకుని గట్టిగా మాట్లాడతారు. "అమ్మాయ్, మీ టీచరు పోయిందమ్మా. కాఫీ తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. కాసేపు పడుకుంటానంది. అంతే" అన్నారు. నేనేదో అన్నాను, ఆవిడకి వినపడలేదు. "బుధవారం చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. నువ్వు మాట్లాడాలంట, పాస్టరుగారు చెప్పమన్నారు" అని ఫోను పెట్టేశారు.

మాట్లాడటం నాకు కొత్త కాదు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఏ స్కూల్లో సన్మానం జరిగినా, ఎవరు రిటైరయినా నన్ను పిలుస్తారు. తెలుగు టీచర్ని కదా, మైకు చేతికొస్తే ఓ పట్టాన వదలను. అలాంటిదాన్ని ఆ పూట మొదటి పీరియడంతా పిల్లల్ని పాఠం చదువుకోమని చెప్పి కిటికీ దగ్గర నిలబడిపోయాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. టీచరుగారి గురించి నలుగురిలో మాట్లాడటం నాకది రెండోసారి. మొదటిసారి ఏం చేశానో నాకు బాగా గుర్తుంది.

మాది ఆకివీడు అవతల, కొల్లేటి అంచున ఉన్న ఊరు. నాన్న చేపల చెరువు మీద పనిచేసేవారు. మా హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకి టీచరుగారు తెలుగు చెప్పేవారు. మా తొమ్మిదో తరగతికి వచ్చిన వారంలోనే 'కొల్లేరు' మీద వ్యాసం రాయమన్నారు. నలభై మందిమీ రాశాం, నలభై మందిమీ గైడు చూసే రాశాం. అద్దంలాంటి నీళ్లు, తామరతూళ్లు మేసే రాజహంసలు, పడవవాడి పాట. ఒకరిది చదివితే అందరిదీ చదివినట్టే.

మర్నాడు ఆవిడ పుస్తకాల కట్ట బల్ల మీద పెట్టి, "హంసని చూసినవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు.

ఒక్క చెయ్యి లేవలేదు.

"గూడబాతుని చూసినవాళ్లు?"

నలభై చేతులూ లేచాయి. చూడకపోవడమేమిటి, ఆ పెలికాన్ పక్షులు రోజూ మా ఇళ్ల మీదుగానే పోయేవి. చెరువుల మీద పడి చేపల్ని మింగేస్తుంటే మా నాన్నలు టపాకాయలు పేల్చి తోలేవాళ్లు.

"మరి ఒక్కళ్లూ రాయలేదేం?"

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "అవి కంపు కొడతాయండీ. వ్యాసంలో రాయకూడదేమోనని..." అంది. క్లాసంతా పగలబడి నవ్వాం. టీచరుగారు నవ్వలేదు. "కంపు కొడితే కంపు కొడతాయనే రాయండి. మన కొల్లేట్లో హంసల్లేవు. లేనిదాన్ని రాస్తే అందం రాదమ్మా, అబద్ధం వస్తుంది" అన్నారు.

ఆవిడ అలంకారాలు చెప్పే పద్ధతి వేరుగా ఉండేది. పుస్తకంలోని లక్షణం, ఉదాహరణ బట్టీ పట్టించడం ఉండేది కాదు. ప్రతి సోమవారం ఒక్కొక్కళ్లం ఒక మాట తేవాలి. చదివినది పనికిరాదు, చెవులతో విన్నదే తేవాలి. ఎవరన్నారో, ఎక్కడన్నారో పక్కన రాయాలి. రేవులోనో, రైలుగేటు దగ్గరో, చేపలు లారీకెత్తే చోటో పుస్తకం పట్టుకుని నిలబడే పిల్లల్ని చూసి ఊళ్లోవాళ్లు మొదట్లో విసుక్కున్నారు. తర్వాత వాళ్లే కేకేసి, "ఇదిగో, మీ టీచరుగారికి ఈ మాట పనికొచ్చుద్దేమో రాసుకో" అనేవాళ్లు.

నేను తీసుకెళ్లిన మొదటి మాట మా పక్కింటావిడది. "మా కోడలు కొర్రమీనులా జారిపోద్దండీ బాబూ" అని. టీచరుగారు దాన్ని బోర్డు మీద రాశారు. కోడలు ఉపమేయం, అంటే మనం ఎవరి గురించి చెబుతున్నామో వాళ్లు. కొర్రమీను ఉపమానం, దేనితో పోలుస్తున్నామో అది. జారిపోవడం రెండింటికీ ఉన్న సమానధర్మం. 'లా' అన్నది పోలికని తెలిపే మాట. ఈ నాలుగూ ఉంటే ఉపమాలంకారం. "ఇప్పుడు 'లా' తీసేసి, మా కోడలు కొర్రమీనే అన్నామనుకోండి, రూపకం. ఇంక కోడలికీ చేపకీ తేడా లేదు. పాపం, ఆ పిల్లని మనం చూడలేదు కదా, ఉపమ దగ్గరే ఆగుదాం" అన్నారు.

రొయ్యల చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరిగి నురగ లేస్తుంటే చూసి, "చెరువు తలంటుకుంటోందేమో" అని వాళ్ల చెల్లి అన్నదని ఒకమ్మాయి చెప్పింది. ఆ 'ఏమో'లో ఉన్న ఊహే ఉత్ప్రేక్ష అన్నారు టీచరుగారు. ఆ చెల్లిని మర్నాడు స్కూలుకి పిలిపించి చూశారు కూడా. "మా చెరువులో బొచ్చె చేపలెక్కిస్తే లారీ ముందు చక్రాలు గాల్లోకి లేచిపోయాయండి" అన్న మాటని కూడా బోర్డు మీద రాశారు. "అతిశయోక్తి. తప్పేం లేదు. ఏడాదంతా పెంచినాయన ఆమాత్రం అనుకుంటాడు. కాకపోతే అది అతిశయోక్తని వినేవాళ్లకి తెలిసిపోవాలి. తెలియకపోతే మోసం" అన్నారు.

ఎవరు ఏ పోలిక చెప్పినా ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే, "ఏ గుణంలో?" అని. మా ఊరి చర్చిలో అప్పటి పాస్టరుగారు మనమంతా గొర్రెలమని ప్రసంగం చేస్తే, బయటికొచ్చాక ఆయన్నీ వదల్లేదు. "ఏ గుణంలోనండీ?" అన్నారట. ఆయన కాస్త ఆలోచించి, "దారి తప్పడంలోనండీ" అన్నారట. "బావుందండీ" అని ఇంటికెళ్లిపోయారట ఈవిడ.

ఒకసారి 'లా', 'వలె' అనే మాటలు లేకుండా ఐదు వాక్యాలు రాసుకు రమ్మన్నారు. నేను చెరువు గట్టు మీద సాయంత్రమంతా కూర్చుని గూడబాతుని రాశాను. అది చేపని పట్టగానే మింగదు. ముక్కు కింద సంచిలో ఉన్న నీళ్లన్నీ కారిపోయేదాకా తల వంచుకుని ఆగుతుంది. తర్వాత తలెత్తి మింగుతుంది. అంతే రాశాను. ఆవిడ రెండుసార్లు చదివి, "దీన్ని స్వభావోక్తి అంటారు. ఉన్నదాన్ని ఉన్నట్టు, కళ్లకి కట్టేటట్టు చెప్పడం. ఇదీ అలంకారమేనమ్మాయ్. అన్నిటికన్నా కష్టమైంది" అన్నారు. పుస్తకంలో మార్కులు వెయ్యలేదు. ఎర్రసిరాతో 'చూశావు' అని రాశారు. నేను తెలుగు టీచర్నవడానికి అదే కారణం.

అంత నేర్చుకున్నదాన్ని, ఆవిడ రిటైరైన రోజున ఏం చేశానంటారా? అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి, సభల్లో కాస్త పేరు కూడా వచ్చింది. శాలువా కప్పాక మైకు నాకిచ్చారు. పావుగంట దంచాను. విజ్ఞాన సూర్యుడన్నాను, కరుణాసముద్రమన్నాను. ఆదివారం చర్చి మానని మనిషిని పట్టుకుని నడిచే సరస్వతి అన్నాను. ఆవిడ లేకపోతే కొల్లేటి పిల్లలకి అక్షరమే లేదన్నాను. చప్పట్లు మోగిపోయాయి. భోజనాలయ్యాక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ టీచరుగారు నెమ్మదిగా అన్నారు, "రూపకాలు మూడు, అతిశయోక్తి ఒకటి. బావున్నాయమ్మాయ్. వాటిల్లో నేనెక్కడున్నాను?"

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. కోపం కూడా రాలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు.

తర్వాత ఆవిడ గుండుగొలనులో అక్కయ్య దగ్గర స్థిరపడ్డారు. ఇద్దరికీ పిల్లల్లేరు. నేను సెలవుల్లో వెళ్లేదాన్ని. టీ పెట్టి, కొత్తగా ఏం మాటలు విన్నావని అడిగేవారు. ఏలూరు బస్సులో విన్నవీ, మార్కెట్ యార్డులో విన్నవీ చెప్పేదాన్ని. ఆ కుళాయి దగ్గరి మాట మాత్రం ఇద్దరం మళ్లీ ఎత్తలేదు. ఎత్తాల్సింది నేను. ఈసారి వెళ్లినప్పుడు, ఈసారి వెళ్లినప్పుడు అనుకుంటూ ఏళ్లు జరిపేశాను. నా మీద నాకిప్పటికీ కోపమే.

అందుకే బుధవారం నాటి మాటలు నాకంత ముఖ్యమయ్యాయి. నాలుగు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాశాను. రాసింది కొట్టేసి మళ్లీ రాశాను. ఎన్నిసార్లు రాసినా అవే వచ్చాయి. తీరని లోటు, జ్ఞానజ్యోతి, దీపస్తంభం. చేతికి అలవాటైపోయింది.

గుండుగొలను చర్చి నిండా జనం. మా వైపు ఆదరణ కూడికల్లో పాస్టరుగారి వాక్య ప్రసంగం అయ్యాక సాక్ష్యాలు చెప్పిస్తారు. పోయినవాళ్లతో తమకున్న అనుభవాన్ని ఎవరైనా లేచి చెప్పొచ్చు. నాకన్నా ముందు మాట్లాడిన ముగ్గురూ నా పేజీల్లో ఉన్న మాటలే చెప్పేశారు. నా వంతొచ్చింది. కాగితం విప్పి, "మా టీచరుగారు ఒక దీపస్తంభం" అని మొదలుపెట్టాను. ఏ గుణంలో? అడగడానికి ఆవిడ లేరు, అయినా నాకు వినపడింది. కాగితాలు మడిచి చేతిసంచిలో పెట్టేశాను. పాస్టరుగారు మంచినీళ్లివ్వబోయారు, వద్దన్నాను.

"చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేదండి" అన్నాను. "ముందు బెంచీలో కూర్చునేదాన్ని. సుద్దపొడి పడేది కాదు, దగ్గొచ్చేసేది. తొమ్మిదో తరగతిలో టీచరుగారు డస్టరు వాడటం మానేసి, ఇంటి దగ్గర్నుంచి గుడ్డ తడుపుకొచ్చి బోర్డు తుడిచేవారు. రెండేళ్లూ అంతే. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. నేను టీచర్నయ్యాక ఒకరోజు బోర్డు తుడుస్తుంటే దుమ్ము లేచి నా క్లాసులో పిల్ల దగ్గింది. అప్పుడు తెలిసిందండి. తెలిసిందని ఆవిడతో చెప్పలేదు."

వచ్చి కూర్చున్నాను. నిమిషం కూడా మాట్లాడినట్టు లేదు. నా జీవితంలో అంత చిన్న ఉపన్యాసం ఇంకోటి లేదు.

తర్వాత చర్చి ఊడ్చే ఆవిడ లేచారు. "వానొస్తే టీచరుగారొచ్చి కిటికీలు మూసేవారండి. నేను రావడం ఆలస్యమయ్యేది" అని కూర్చున్నారు. పాలాయన లేచారు. "మా గేదె తప్పిపోతే నాతోపాటు ఊరంతా తిరిగారండి. దొరకలేదండి" అన్నారు. అలా ఒక్కొక్కరూ లేస్తున్నారు. ఎవరి మాటా రెండు వాక్యాలు దాటలేదు. ఎప్పుడూ అలా జరగలేదని పాస్టరుగారు తర్వాత అన్నారు.

చివరికి ఆయన ముందు వరసలో ఉన్న అక్కయ్యగారి చెవి దగ్గర వంగి, "మీరేమన్నా చెబుతారాండీ?" అన్నారు. ఆవిడ లేవలేదు. కూర్చునే, అలవాటు ప్రకారం గట్టిగా చెప్పారు.

"నా చేతులు వణుకుతాయండి. రోజూ పొద్దున్నే నా జడ చెల్లే అల్లేది. ఈ నాలుగు రోజులూ నేనే వేసుకుంటున్నాను."

ఆవిడ వెనక వరసలో కూర్చున్నాను నేను. సన్నటి తెల్లజడ. మూడు పాయల్లో ఒకటి మధ్యలోనే అల్లికలోంచి జారి, నడుము దాకా విడిగా వేలాడుతోంది.