మా ఇంటి సొంత సూది

మా ఆయనకు సూదంటే ప్రాణం. కూలిపని చేసి ఒళ్లు నొప్పులైతే చాలు, మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర బలం సూది వేయించుకునేవాడు. మాత్రలిచ్చి పంపేవాడు డాక్టరే కాదనేవాడు. ఆ ఆర్‌ఎంపీ ఒకే సూదిని వేడినీళ్లలో ముంచి తీసి ఊరందరికీ పొడిచేవాడు. చివరికి లివరు చెడి మా ఆయన పోయాడు. అది హెపటైటిస్ సి అని, ఒకరికి వేసిన సూది ఇంకొకరికి వేస్తే రక్తంలోంచి రక్తంలోకి పోతుందని కర్నూలు డాక్టరమ్మ చెప్పింది. నన్నూ, ఎనిమిదేళ్ల మా పాపనూ రక్తపరీక్షకు రమ్మంది. భయపడి ఏడాదిపాటు పోలేదు.

పోలేదు గానీ ఊరికే కూర్చోలేదు. మందుల షాపులో కొత్త సిరంజి కొన్నాను. మా ఇంటికంతా ఇదొక్కటే అనుకుని, ఉడికించి, జీలకర్ర డబ్బాలో దాచాను. మా ఇద్దరికీ జ్వరం వచ్చినప్పుడు దాన్ని ఆర్‌ఎంపీ చేతిలో పెట్టాను.

“ఏమక్కా, నా సూదంటే నమ్మకం లేదా?”

“నీ సూది ఊరంతా తిరిగిందప్పా. ఇది మా గడప దాటలేదు. ముందు నాకెయ్యి, మళ్లా పాపకెయ్యి.”

తర్వాత పాప అన్నం ముట్టకుండా నీరసపడిపోతే, ఇక కర్నూలుకు పరుగెత్తాను. డాక్టరమ్మకు మా సూది సంగతి గొప్పగానే చెప్పాను. ఆమె రాస్తున్న పెన్ను ఆపేసింది.

“ఒకే సూది ఇద్దరికీ వేయించావా?”

“పరాయోళ్లకు కాదు మేడమ్, నా కడుపున పుట్టినదానికే.”

“ఆ పురుగుకు తల్లీబిడ్డా తెలియదమ్మా. మీ ఆయన నుంచి నీకు వచ్చుంటే, పాపకు నువ్వే ఎక్కించినట్టు.”

పాపను తీసుకుని రక్తపరీక్ష గదికి పోయాను. రక్తం తీసే మనిషి దగ్గర పాప చెయ్యి వెనక్కి లాక్కుంది.

“అది ఎవరికేసినావ్?”

“ఎవరికీ లేదు తల్లీ. నీ ముందరే పాకెట్ చించుతాండా, చూడు.”

“మా అమ్మకు ఇంకోటి చించు. నేను చూస్తాంటా.”

ఫలితం వచ్చేదాకా వారం రోజులు దాని కళ్లు పసుపెక్కాయా అని చూడటమే నా పని.

“ముద్ద మింగనీ మా! కండ్లలో ఏముండాదని?”

వారం తర్వాత డాక్టరమ్మ కాగితాలు చూసింది. ఇద్దరికీ లేదంది. పాప కడుపులో ఉన్నవి నులిపురుగులేనని ఒక మాత్ర రాసిచ్చింది. నేను ఆసుపత్రి మెట్లమీద కూలబడి గట్టిగా ఏడ్చాను.

“లేదంటాండారు కదమా, ఎందుకేడుస్తాండావు?” అని పాప నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “అందరూ చూస్తాండారు, లెయ్.”

ఆ చేతినే పట్టుకుని ఇంకా ఏడ్చాను.