పచ్చగా వచ్చిందా?

గురుగ్రామ్ ఆఫీసులో నా పక్క సీటు మేడమ్, టెస్ట్ బటన్ నొక్కగానే తల కిటికీ వైపు తిప్పుకునేవారు. "పచ్చగా వచ్చిందా?" అని నన్నడిగేవారు. తన కళ్లతో చూసుకోవచ్చు కదా అని మొదట్లో నాకు విసుగు. పచ్చ టిక్కు పడితే మా సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌కి కలిసినట్టు. ఎర్రగా వస్తే బిల్లులు, జీతాలు అన్నీ ఆగిపోతాయి.

అలా కలిపే సెట్టింగుని, అంటే కనెక్షన్ ప్రొఫైల్‌ని, ఎప్పుడో తొందరలో తన సొంత లాగిన్‌తో పెట్టేశారట. తర్వాత మారుస్తానంటే మేనేజర్ ఒప్పుకోలేదు. "చల్ రహా హై నా, ఛోడో" అనేవాడు, నడుస్తోందిగా వదిలెయ్యమని. దాంతో పాస్‌వర్డ్ గడువు తీరినప్పుడల్లా, సెలవులో ఉన్నా సరే, ఆవిడే కొత్తది పెట్టాలి. ఒకసారి ఢిల్లీ ద్వారకలో కూతురి స్కూల్ ఫంక్షన్ మధ్యలో లేచి బయటికొచ్చి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఆఫీసులో టెస్ట్ నొక్కి చూడమని నాకు ఫోన్ చేశారు. పని ఇంకా తెమలకముందే ఫోన్లో పాప గొంతు వినపడింది.

"మమ్మీ, మేరా డాన్స్ ఖతమ్ హో గయా."

తన డాన్స్ అయిపోయిందంటోంది పాప. మేడమ్ మాత్రం "పచ్చగా వచ్చిందా?" అని నన్నే అడిగారు.

ఉద్యోగం మానేసే ముందు మాత్రం పట్టుబట్టి, ఆ ప్రొఫైల్‌ని ఎవరి పేరూ లేని ఆఫీసు లాగిన్‌కి మార్చారు. "ఇంక దీనికి నాతో పన్లేదు" అంటూ కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

కొన్నాళ్లకి ఫోన్ చేశారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక మెల్లిగా అడిగారు.

"ఏమీ ఆగలేదా?"

"లేదు మేడమ్. ఒక్కసారి కూడా ఆగలేదు."

ఒక్కసారి కూడా ఎర్రగా రాలేదా అని ఆవిడ మళ్లీ అడిగితే, రాలేదన్నాను.

"అచ్ఛా" అన్నారు.