కేక వెయ్యని మా జేజి

మా చిన్నప్పుడు... బడి వదిలిన కాసేపటికల్లా మా వీధి పిల్లలందరం గుట్ట మీద ఉండేవాళ్ళం. పుస్తకాల సంచీ వసారాలో పడెయ్యడం, నోట్లో ఇంత బెల్లం ముక్క వేసుకోవడం, ఇక పరుగే పరుగు! పైనున్న నున్నటి బండను ముట్టుకుని ఎవరు ముందు కిందికొస్తే ఆ రోజుకి వాళ్ళదే రాజ్యం. చెప్పుల్లేవు, నీళ్ళ సీసాల్లేవు, కోచ్‌లు అసలే లేరు...

మాది కడప వైపు చిన్న ఊరు. గుట్టంటే రాళ్ళూ, బోదగడ్డీ, అరికాళ్ళలో దిగే పల్లేరుకాయలూ. ఎక్కడానికేముంది, ఎవరైనా ఎక్కుతారు. అసలు కష్టమంతా దిగడంలోనే ఉండేది.

మా జేజి, అంటే మా నాన్నకు అమ్మ, సరిగ్గా ఆ వేళకే మిద్దె మీదికి చేరేది. వడియాలు ఎత్తడానికని చెప్పేది. వడియాలు పెట్టని రోజుల్లో కూడా ఎక్కేది లెండి! మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లెక్కడమే ఆవిడకి గగనం, ఇక గుట్ట దాకా ఏం వస్తుంది... నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అక్కడి నుంచే చూస్తూ ఉండేది.

ఒకరోజు మా తమ్ముడు శీను దిగుతూ దిగుతూ గులకరాళ్ళ మీద జారాడు. దొర్లుకుంటూ పోయి ఒక తుమ్మచెట్టు మొదట్లో ఆగాడు. వాడి ముందూ వెనకా మేమంతా అదే వాలులో పరుగుమీద ఉన్నాం. అదృష్టం బాగుండి ఎముకలేవీ విరగలేదు కానీ, మోచెయ్యి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. వాణ్ణి అందరం కలిసి ఇంటికి మోసుకొచ్చాం.

వాడు పడటం జేజి చూసిందని తెలిశాక మా అమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"కండ్లారా సూస్తా వుండి గూడా ఒక్క కేక ఎయ్యకపోతివే అత్తా! ఎట్ల నిలబడినావు నువ్వు?"

జేజి కొంగు అంచు తడిసి ఉంది. అరుపు బయటికి రాకుండా నోట్లో కుక్కుకుందట.

"కేకేస్తే మిగిలిన పిల్లోళ్ళు గూడా నా తట్టు తిరిగి సూస్తారు గదమ్మా... కాళ్ళ కింద రాయి ఎవురు సూసుకుంటారు?" అంది.

రేపటి నుంచి గుట్ట బంద్ అంది అమ్మ. జేజి ఒప్పుకోలేదు. "వద్దంటే సెప్పకుండా పోతారు. దిగేది నేను నేర్పిస్తాలే" అని మమ్మల్నందర్నీ పెరట్లో ఇసుక కుప్ప ఎక్కించింది. దిగేటప్పుడు అడుగు చిన్నగా, అడ్డంగా వెయ్యాలి. ముందున్నవాడి మీద పడేంత దగ్గరగా పోకూడదు. ఒకరు పడితే అందరూ ఆగాలి, గెలుపూ గాడిదగుడ్డూ తర్వాత... అని తిట్టి మరీ నేర్పింది.

ఇన్నేళ్ళకి ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే...

ఇప్పుడు మేముండేది సింగపూర్‌లో, ఆంగ్ మో కియోలో. మా అమ్మాయి ఆద్యకి పదకొండేళ్ళు. బడి నుంచి రాగానే సోఫాకి అతుక్కుపోతోందని, నేనే వెంటపడి పిల్లల కొండపరుగు బృందంలో చేర్పించాను. ఇక్కడి కొండను చూస్తే మా ఊరివాళ్ళు నవ్వుతారు. కానీ నిండా అడవి... తడిసిన వేర్లు, బురద, కోతులు. పిల్లలు జతలుగానే వెళ్ళాలి. సంచీలో ఈల, నీళ్ళు, రెయిన్‌కోటు ఉండాల్సిందే. ఉరుము వినపడితే ఎక్కడున్నవాళ్ళు అక్కడి నుంచే వెనక్కి దిగాలి. అమ్మానాన్నలు కింద కట్టిన తాడు దాటకూడదు. అన్నీ నాకు తెగ నచ్చాయి, ఆ చివరిది తప్ప!

పోయిన శనివారం పిల్లలు చెట్లలోకి వెళ్ళిన కాసేపటికే మబ్బు కమ్మింది. ఒక ఉరుము ఉరిమింది... ఒక్కో జతా దిగి వస్తోంది. వాళ్ళలో ఆద్య లేదు. వాన కూడా మొదలైంది. పైన చెట్ల మధ్య పసుపు చొక్కా ఒకటి కదిలింది. "ఆద్యా!" అని నోరు తెరిచానో లేదో, కోచ్ అంకుల్ నా ముందుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టారు. చైనీస్ ఆయన, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, అయినా నన్నే ఆంటీ అంటారు. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ళందరి అలవాటు.

"ఆంటీ, డోంట్ షౌట్ లా. షీ లుక్ అట్ యూ, దెన్ హూ లుక్ అట్ ద స్టోన్?"

తెచ్చిన తువ్వాలుతో నోరు నొక్కుకున్నాను. ఆ రోజు మిద్దె మీద జేజి ఎంత నరకం పడిందో అప్పుడు తెలిసింది. ఆవిడకి కనీసం మనవడు కనిపించాడు... నాకు చెట్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆ పసుపు చొక్కా కూడా వేరే పిల్లదే. కన్నకూతురు ఆ పైన ఎక్కడో ఉంది, నేను వెళ్ళి తెచ్చుకోలేను, పిలవనైనా పిలవలేను. ఊరికే తడుస్తూ నిలబడ్డాను.

చివరి జతలో వచ్చింది. మోకాలి కింద అంతా బురద. తాడు దాటి రాగానే చేతులు చాచాను. అది నా పక్కనుంచే నడిచి, ముందు కోచ్ అంకుల్ దగ్గరికి పోయి ఇద్దరం వచ్చేశామని చెప్పింది. ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చింది.

"పడినావామ్మా? యాడ తగిలింది? చూడనీ..."

"స్మాల్ ఫాల్ ఓన్లీ లా, అమ్మా. ఐ ఆల్రెడీ సెటిల్డ్ ఇట్."

నిజమే. మోకాలి మీద ప్లాస్టర్ ఉంది. నీళ్ళతో కడుక్కుని, తుడుచుకుని, వంకర లేకుండా అతికించుకుంది... అడవిలో, తనంతట తానే. నేను ఇంటి నుంచి మోసుకెళ్ళిన దూదీ, మందూ, కట్టుగుడ్డా సంచీలోంచి తీయాల్సిన పనే పడలేదు.

సంతోషమే. ఇలా జాగ్రత్తగా ఉండాలనే కదా పంపింది... కానీ బస్సులో ఇంటికొస్తుంటే ఎందుకో ఏడుపొచ్చింది. ఆద్య చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మేము పడితే ఇంటిల్లిపాదీ మా మోకాళ్ళ చుట్టూ చేరేవాళ్ళు. ఇప్పటి పిల్లలకి పడటం తెలుసు, లేవటం తెలుసు, కట్టు కట్టుకోవటం కూడా తెలుసు. ఉత్త చేతులతో నిలబడటమే మనకింకా రాలేదు... మీరూ ఎప్పుడైనా ఇలా నిలబడ్డారా? ఆ సేపు మీ చేతుల్ని ఏం చేసుకున్నారో కాస్త చెప్పండి... శనివారం మళ్ళీ వెళ్ళాలి.