జిడ్డు విల్ఫ్ బెనిఫిట్ మ్యాచ్

ఆ సోమవారం పొద్దున విల్ఫ్ గార్సైడ్ రెండు పొగచేపలు తిని, పెరటి మెట్టు మీద కూర్చుని, తన ప్యాడ్లకు తనే తెల్లరంగు పూసుకున్నాడు. ఆగస్టు సెలవు రోజు. ఆయన బెనిఫిట్ మ్యాచ్‌లో రెండో రోజు. యుద్ధం మింగిన ఆరేళ్లు తీసేస్తే, పదహారు వేసవులు మా కౌంటీకి ఓపెనర్‌గా ఆడిన మనిషి. అందుకు క్లబ్బు ఇచ్చే పింఛను ఈ ఒక్క మ్యాచ్ వసూళ్లే.

విల్ఫ్‌ది జిడ్డు ఆట. బంతి వస్తే ఆపుతాడు. ఇంకోటి వస్తే అదీ ఆపుతాడు. మిల్లు కార్మికులు కూర్చునే బెంచీల నుంచి కేకలు మామూలే.

“ఏం విల్ఫూ, బ్యాటు అద్దెకు తెచ్చావా? కొడితే అరిగిపోద్దనా?”

ఆయన వినపడనట్టు గార్డు తీసుకునేవాడు. కానీ కొత్త బంతి పదును చచ్చేదాకా ఆయన నిలబడబట్టే వెనక వచ్చినవాళ్లు సెంచరీలు కొట్టుకున్నారు. ఆ సంగతి బౌలర్లకు తెలుసు. బెంచీలకు పట్టదు.

చలికాలం వస్తే క్లబ్బు జీతం ఆగిపోయేది. అప్పుడు రంగుల మిల్లులో పని. మోచేతుల దాకా నీలం. ఏప్రిల్లో మైదానానికి వచ్చినా ఆ నీలం పూర్తిగా వదిలేది కాదు. ఇప్పుడు ముప్పై తొమ్మిదేళ్లు, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. స్టేషన్ దగ్గర వీట్‌షీఫ్ పబ్బు ఖాళీ అయింది. బీరు కంపెనీ అడిగిన అడ్వాన్సు ఈ మ్యాచ్‌లో పోగైతే పబ్బు. లేకపోతే ఏడాది పొడుగునా నీలం చేతులే.

“ఇవాళైనా ఒక్క ఫోర్ కొట్టరాదూ?” అంది భార్య హిల్డా, ఆయన సంచిలో పంది మాంసం కూరిన రొట్టె సర్దుతూ.

“కొడితే పైకి లేస్తుంది. లేస్తే క్యాచ్ పడతారు.”

“అయితే దుప్పటి తిరిగేదాకా ఉండు చాలు. ఆ తర్వాత బ్యాటుతో కొడతావో, పళ్లతో కొరుకుతావో నీ ఇష్టం.”

దుప్పటి మా వైపు ఆచారం. బెనిఫిట్ ఆటగాడు మధ్యాహ్న భోజనం తర్వాత కూడా ఆడుతూ ఉంటే, జట్టులోని నలుగురు ఒక దుప్పటిని నాలుగు కొసలా పట్టుకుని బౌండరీ చుట్టూ తిరుగుతారు. జనం అందులోకి చిల్లర విసురుతారు. అవుటై పెవిలియన్‌లో టీ తాగుతున్నవాడి దుప్పటిలో మాత్రం ఎవరూ వేయరు.

ఇంకో ఆచారం కూడా ఉంది. బెనిఫిట్ ఆటగాడికి మొదటి బంతి కానుక. బౌలర్ మెత్తగా, నిండుగా, లెగ్ వైపు వేస్తాడు. ఫీల్డర్లు అటు చూడరు. ఒక పరుగు తీసుకుంటే జనం చప్పట్లు కొడతారు. ఆ తర్వాతే అసలు ఆట.

అవతలి జట్టు ఫాస్ట్ బౌలర్ క్లెమ్ డాగెట్. విల్ఫ్‌తో పన్నెండేళ్ల స్నేహం. నాలుగడుగులు నడిచి, చంటిపిల్లకు విసిరినట్టు విసిరాడు. విల్ఫ్ ఎడమకాలు ముందుకు వేసి, తల వంచి, ఆ బంతిని పద్ధతిగా కాళ్ల దగ్గరే చంపేశాడు.

మైదానమంతా ఒక్క క్షణం నోరు తెరిచి, ఆపైన పగలబడి నవ్వింది.

“ఏమిట్రా అది?” అన్నాడు క్లెమ్, నడుం మీద చేతులు పెట్టుకుని. “పళ్లెంలో పెట్టి ఇచ్చాను గదరా!”

“అలవాటురా క్లెమ్. మళ్లీ ఇవ్వు.”

“కానుక ఒక్కసారే. చెవులు జాగ్రత్త.”

రెండో బంతి చెవి పక్కనుంచే పోయింది. విల్ఫ్ మొదటి పరుగు తీయడానికి ముప్పావుగంట పట్టింది. దానికి వచ్చిన చప్పట్లు కొందరి సెంచరీలకు కూడా రాలేదు. భోజనం వేళకు పంతొమ్మిది. ఆయన మీద నాలుగు క్యాచ్ అప్పీళ్లు, క్లెమ్ నుంచి లెక్కలేనన్ని బూతులు.

భోజనం అయ్యాక, విల్ఫ్ నలభై దాటే వేళకు దుప్పటి బయల్దేరింది. సభ్యుల కుర్చీల ముందు కాస్త కాగితం డబ్బు పడింది. బీరు గుడారం దగ్గర రాగి వాన కురిసింది. అదే సమయానికి మూడో వికెట్ పడి కెప్టెన్ లింటన్-హే దిగాడు. జీతం తీసుకోకుండా ఆడే దొర. జీతగాళ్ల గేటు వేరు, ఆయన గేటు వేరు. పడమట మబ్బు పట్టింది. త్వరగా పరుగులు చేసి అవతలివాళ్లను బ్యాటింగ్‌కు దించాలని ఆయన తొందర.

“ఊపందుకో, గార్సైడ్.”

“అలాగే సార్,” అని విల్ఫ్ తర్వాతి మూడు బంతులూ ఆపాడు.

కెప్టెన్‌కు ఒళ్లు మండింది. తన వంతు రాగానే బంతిని నేలమీదుగా ఫీల్డర్ చేతిలోకే కొట్టి పరుగందుకున్నాడు. విల్ఫ్ కదల్లేదు. ఫీల్డర్ తడబడి బంతి జారవిడిచాడు. ఈలోగా కెప్టెన్ పిచ్ దాటేసి విల్ఫ్ పక్కకే వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే కొసన. ఇలాంటప్పుడు జీతగాడు బయటికి పరుగెత్తి, దొరకు బదులు తాను అవుటవ్వాలి. ఎక్కడా రాసి లేదు. అందరికీ తెలుసు. విల్ఫ్ ఎన్నోసార్లు చేశాడు కూడా.

“వెళ్లు!” అన్నాడు కెప్టెన్.

“ఇవాళ కాదు సార్.”

“ఏమన్నావ్?”

“దుప్పటి ఇంకా మిల్లు బెంచీల దాకా రాలేదు సార్.”

అవతలి కొసన కీపర్ తాపీగా వికెట్లు పడగొట్టాడు. అంపైర్ కెప్టెన్ వైపు చూసి వేలెత్తాడు. మిల్లు బెంచీలు లేచి నిలబడ్డాయి. పదహారేళ్లు విల్ఫ్‌ను తిట్టిన గొంతులే, టోపీలు ఎగరేశాయి.

అయితే గండం గడవలేదు. కెప్టెన్ పెవిలియన్‌కు వెళ్లి బాల్కనీలోంచి చెయ్యి ఊపితే చాలు, ఇన్నింగ్స్ ముగిసినట్టే, దుప్పటి ఆగినట్టే. అందరం ఆ బాల్కనీ వైపే చూశాం. లింటన్-హే ప్యాడ్లతోనే వచ్చి, రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. మైదానం కేసి కాదు, దుప్పటి కేసి చూశాడు.

దుప్పటి మిల్లు బెంచీల దగ్గరకు చేరింది. నూలు వడికే ఒకావిడ చిల్లర విసిరి, పిచ్ దాకా వినపడేలా అరిచింది. “ఇది నువ్వు ఆడినందుకు విల్ఫూ! ఎప్పుడు అవుటవుతావో చెబితే ఇంకో షిల్లింగు వేస్తా!”

“టీ తర్వాత రావమ్మా, చెబుతా!” అన్నాడు విల్ఫ్.

బరువుకు నడుమ వేలాడుతున్న దుప్పటి పెవిలియన్ మెట్లకు చేరింది. నలుగురూ దాన్ని లోపలికి మోసుకెళ్లారు. చివరి కొస గడప దాటీ దాటగానే, కెప్టెన్ చెయ్యెత్తి ఊపాడు. ఇన్నింగ్స్ డిక్లేర్డ్. విల్ఫ్ నలభై ఏడు నాటౌట్. ఇంకో మూడు చేస్తే యాభై అయ్యేది. ఆ సంగతి కెప్టెన్‌కు తెలియదని ఎవరూ అనుకోలేదు.

మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడు కెప్టెన్ అన్నది ఒకటే మాట. “ఇప్పుడు లెక్క సరి, గార్సైడ్.”

“సరే సార్.”

అక్టోబరు మొదటి శనివారం వీట్‌షీఫ్ తలుపులు తెరిచారు. మొదటి గ్లాసు బీరు అడిగింది క్లెమ్ డాగెట్. అది నింపి చేతికివ్వడానికి విల్ఫ్‌కు నాలుగు నిమిషాలు పట్టింది.